ఇంటి రికార్డింగుకు ఏది మేలు: మిడి కంట్రోలరా, పోర్టబుల్ కీబోర్డా?

ఇంట్లోనే పాటకు బాణీ కట్టి, వాద్యాలు చేర్చి, గొంతు రికార్డు చేసుకోవాలనుకునేవారికి మొదటి సందేహం కీబోర్డు దగ్గరే వస్తుంది. స్పీకర్లు, వందల టోన్లు (రకరకాల వాద్యాల శబ్దాలు), రిథమ్‌లు అన్నీ తనలోనే ఉన్న 61 మీటల పోర్టబుల్ కీబోర్డు కొనాలా, లేక సొంతంగా ఒక్క శబ్దమూ చేయలేని మిడి కంట్రోలర్‌ను కొని కంప్యూటరుకు తగిలించాలా? దుకాణంలో పక్కపక్కన పెడితే రెండూ ఒకే జాతివిలా కనిపిస్తాయి. శబ్దమే రానిదానికి డబ్బెందుకు పెట్టాలన్న అనుమానంతో చాలామంది మొదటిదానివైపే మొగ్గుతారు. పని కేవలం రికార్డింగే అయితే ఆ మొగ్గు సరైనది కాదని నా అభిప్రాయం.

తీగలో ఏది ప్రయాణిస్తుందో తెలిస్తే ఈ తేడా స్పష్టమవుతుంది. 1983 జనవరిలో అమెరికాలో జరిగిన నామ్ అనే సంగీత పరికరాల ప్రదర్శనలో సీక్వెన్షియల్ సంస్థ వారి ప్రాఫెట్-600, రోలాండ్ వారి జూపిటర్-6 అనే రెండు వేర్వేరు సంస్థల సింథసైజర్లను (ఎలక్ట్రానిక్ పద్ధతిలో శబ్దాన్ని పుట్టించే కీబోర్డులను) ఒకే తీగతో కలిపి, ఒకదానిపై వాయిస్తే రెండోది పలికేలా చూపించారు. ఆ తీగలో వెళ్లింది శబ్దం కాదు. ఏ మీట నొక్కారు, ఎంత బలంగా నొక్కారు, ఎప్పుడు వదిలారు అన్న సమాచారం మాత్రమే. ఆ సమాచారాన్ని పంపే పద్ధతి పేరే మిడి. నొక్కిన బలాన్ని 0 నుంచి 127 వరకు ఉండే అంకెలతో చెబుతారు. స్వరపరచి రాసుకున్న పుస్తకం లాంటిది ఇది. దాన్ని వీణ మీద వాయించినా, వేణువు మీద వాయించినా రాత మారదు. అందుకే మిడిగా రికార్డు చేసిన చరణంలో ఒక స్వరం తప్పు పడితే ఆ ఒక్కదాన్నే మౌసుతో జరిపి సరిదిద్దవచ్చు, శ్రుతి పెంచవచ్చు, వేగం తగ్గించవచ్చు, వారం తర్వాత టోన్ నచ్చకపోతే వేరే టోన్ పెట్టుకోవచ్చు. పోర్టబుల్ కీబోర్డు ఆడియో అవుట్ నుంచి నేరుగా శబ్దాన్నే రికార్డు చేస్తే ఆ వెసులుబాటులో చాలా భాగం పోతుంది.

అలాగని పోర్టబుల్ కీబోర్డును తీసిపారేయలేము. స్విచ్ వేయగానే పలుకుతుంది, నేర్చుకునే పిల్లలకు కంప్యూటరు అక్కర్లేదు, భజనకో పెళ్లి కచేరీకో చంకన పెట్టుకుని వెళ్లిపోవచ్చు. క్యాసియోలో పేరు చివర ‘ఐఎన్’ అని ఉండే మోడళ్లలో, యమహా పీఎస్‌ఆర్-ఐ500 వంటివాటిలో తబలా మొదలైన భారతీయ టోన్లు, మన రిథమ్‌లు సిద్ధంగా ఉంటాయి. వీటిలో చాలావాటికి యూఎస్‌బీ ద్వారం కూడా ఉంటుంది కనుక అవసరమైనప్పుడు కంట్రోలరుగానూ పనికొస్తాయి. అయితే కంప్యూటరుకు తగిలించగానే ఒక చిక్కు ఎదురవుతుంది. మీట నొక్కితే కీబోర్డు లోపలి టోన్, సాఫ్ట్‌వేర్ టోన్ రెండూ కలిసి పలుకుతాయి. కీబోర్డు సెట్టింగుల్లో ‘లోకల్ కంట్రోల్’ అనేదాన్ని ఆపివేస్తే ఇది పోతుంది. స్పర్శకు స్పందించని చౌక మోడళ్లను మాత్రం ఈ పనికి ఎంచుకోకూడదు. మెల్లగా నొక్కినా గట్టిగా నొక్కినా అవి ఒకే బలాన్ని పంపడం వల్ల ఎంత మంచి సాఫ్ట్‌వేర్ టోన్ అయినా నిర్జీవంగా వినిపిస్తుంది.

మన సంగీతానికి సంబంధించి అసలు పరీక్ష గమకం దగ్గర ఉంది. మీటల వాద్యంలో స్వరానికీ స్వరానికీ మధ్య దారి ఉండదు. ఆ దారిని కల్పించేది స్వరాన్ని పైకీ కిందికీ వంచే పిచ్ బెండ్ చక్రం. మిడిలో మిగతా మీటలు, నాబ్‌ల విలువలు సాధారణంగా 128 మెట్లలో కదిలితే, పిచ్ బెండ్‌కు మాత్రం 16,384 మెట్లు కేటాయించారు. అందువల్ల జారు (ఒక స్వరం నుంచి మరో స్వరానికి జారే గమకం) మెట్లుమెట్లుగా కాక నునుపుగా వినిపించే అవకాశం ఉంది. సాధారణంగా ఈ చక్రం పైకి రెండు అర్ధస్వరాలు (అర్ధస్వరం అంటే ఒక మీటకూ దాని పక్క మీటకూ మధ్య దూరం), కిందికి రెండు అర్ధస్వరాలు వంచుతుంది. స్వరాన్ని ఊపే కంపితానికి ఇది సరిపోతుంది, పొడవైన జారుకు సాఫ్ట్‌వేర్‌లోనే ఆ పరిధిని ఐదుకో ఏడుకో పెంచుకోవచ్చు. ఇక మోడళ్ల విషయానికి వస్తే, యమహా పీఎస్‌ఆర్-ఇ373కి ఈ చక్రం లేదు, ఇ473కి ఉంది. ఎంతో మంది కొనే అకాయ్ ఎంపీకే మినీ ఎంకే3లో చక్రానికి బదులు చిన్న జాయ్‌స్టిక్ ఉంటుంది, ఆర్టూరియా మినీల్యాబ్‌లో వేలితో తాకే పట్టీలు ఉంటాయి. ఎం-ఆడియో కీస్టేషన్, నోవేషన్ లాంచ్‌కీ 49, 61 వంటివాటిలో మాత్రం నిజమైన చక్రాలే ఉంటాయి. సినిమా బాణీలు వాయించుకునేవారికి జాయ్‌స్టిక్ చాలునేమో కానీ, కల్యాణి ఆలాపన కోసం దాన్ని పట్టుకుని కూర్చుంటే చిరాకు తప్పదు. తాళం వేయడానికి ఉండే ప్యాడ్ల సంఖ్య చూసి మురిసిపోవడం కన్నా చక్రం ఎలా ఉందో చూసుకోవడం ముఖ్యం.

మీటల సంఖ్య కూడా దీనితోనే ముడిపడి ఉంది. ఎడమ చేయి చక్రం మీద ఉంటే వాయించేది కుడి చేయి ఒక్కటే. కార్డ్‌లను (కలిపి పలికించే స్వరాలను) విడిగా మరో ట్రాక్‌లో వాయించి చేర్చుకోవచ్చు. హార్మోనియంలో మూడు, మూడున్నర స్థాయిలతోనే కచేరీ మొత్తం సాగించేవారికి నాలుగు స్థాయిలుండే 49 మీటలు ధారాళంగా సరిపోతాయి. మీటలు మాత్రం పూర్తి పరిమాణంలో ఉండాలి. 25 చిన్న మీటల కంట్రోలర్ ప్రయాణాల్లో బాణీ గుర్తుంచుకోవడానికే తప్ప నిలకడగా వాయించడానికి కాదు. పాశ్చాత్య పియానో నేర్చుకుంటున్నవారికి పియానోలోలాగా నొక్కితే బరువుగా తగిలే 88 మీటలు కావాలి. అది వేరే లెక్క.

కలపడం గురించి దుకాణదారులు చెప్పేదానికన్నా విషయం సులువైనది. పాత ఐదు పిన్నుల మిడి తీగ సెకనుకు 31,250 బిట్ల వేగంతో నడుస్తుంది. ఒక స్వరాన్ని పంపడానికి దానికి దాదాపు ఒక మిల్లీసెకను పడుతుంది. యూఎస్‌బీ దీనికన్నా చాలా వేగవంతమైనది, పైగా చిన్న కంట్రోలర్లకు కరెంటును కూడా ఆ తీగే అందిస్తుంది. కాబట్టి కొత్తగా కొనేవారికి యూఎస్‌బీ చాలు. యూఎస్‌బీ లేని పాత సింథసైజర్ ఇంట్లో ఉంటేనో, కీబోర్డుకూ కంప్యూటరుకూ మధ్య దూరం ఐదు మీటర్లు దాటితేనో ఐదు పిన్నుల ద్వారం ఉన్న పరికరాన్ని వెతుక్కోవాలి. ఆ తీగను 15 మీటర్ల వరకు లాగవచ్చు. ఆడియో ఇంటర్‌ఫేస్ అంటే మైకు, వాద్యాల శబ్దాన్ని కంప్యూటరుకు చేర్చి, కంప్యూటరు శబ్దాన్ని హెడ్‌ఫోన్‌కు పంపే పెట్టె. ఫోకస్‌రైట్ స్కార్లెట్ ఇంటర్‌ఫేస్‌లలో సోలో, 2ఐ2 మోడళ్లకు ఈ ద్వారం లేదు, 4ఐ4కి ఉంది.

కంట్రోలరే మేలని నేను చెప్పినప్పుడు ఆడియో ఇంటర్‌ఫేస్‌ను కూడా కలిపే లెక్క వేయాలి. ఎందుకంటే మీట నొక్కిన తర్వాత శబ్దాన్ని తయారు చేసేది కంప్యూటరు. దాని సొంత సౌండ్ కార్డుతో విండోస్‌లో ఆ శబ్దం ఆలస్యంగా వచ్చి చేయి తడబడుతుంది. ఇంటర్‌ఫేస్‌తో వచ్చే ఏసియో డ్రైవర్ (ఆలస్యాన్ని తగ్గించే చిన్న సాఫ్ట్‌వేర్) వేసుకుని, బఫర్‌ను (పలికించే ముందు శబ్దాన్ని కాస్త పోగుచేసే నిల్వను) 256 శాంపిళ్లకు తగ్గిస్తే, 44.1 కిలోహెర్ట్జ్ వద్ద ఆ బఫర్ వల్ల కలిగే ఆలస్యం 5.8 మిల్లీసెకన్లు మాత్రమే. రెండు మీటర్ల దూరంలో ఉన్న స్పీకరు శబ్దం చెవిని చేరడానికి కూడా దాదాపు అంతే సమయం పడుతుంది కనుక దాన్ని ఎవరూ గుర్తించరు. అదే బఫర్ 1024 అయితే ఆలస్యం 23 మిల్లీసెకన్లు దాటుతుంది. వేగంగా స్వరాలు వేసేటప్పుడు అది తెలిసిపోతుంది. ఇక బ్లూటూత్ హెడ్‌ఫోన్ ఎంత ఖరీదైనదైనా ఈ పనికి పనికిరాదు, తీగ ఉన్నదే కావాలి. ఆపిల్ మ్యాక్ వాడేవారికి ఆలస్యం తక్కువగా ఉండే కోర్ ఆడియో అనే వ్యవస్థ అందులోనే ఉండటం వల్ల వాయించడానికి ఇంటర్‌ఫేస్ తప్పనిసరి కాదు, గొంతు రికార్డింగుకు మాత్రం కావాలి.

గొంతు కోసం యూఎస్‌బీ మైకు కొని ఇంటర్‌ఫేస్‌ను తప్పించుకోవచ్చన్న ఆలోచన మొదట ఆకర్షణీయంగానే ఉంటుంది. అయితే విండోస్‌లో రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ సాధారణంగా ఒకేసారి ఒకే ఏసియో పరికరాన్ని వాడుతుంది కాబట్టి మైకు ఒకటి, హెడ్‌ఫోన్ మరొకటి అయితే తలనొప్పి మొదలవుతుంది. ఒక్కరే మాట్లాడే పాడ్‌కాస్ట్‌కు యూఎస్‌బీ మైకు మేలు. పాటకు ఇంటర్‌ఫేస్, మామూలు మైకు మేలు. ఆ మైకుల్లోనూ కండెన్సర్ మైకు ఇంటర్‌ఫేస్ నుంచి మైకు తీగలోనే వచ్చే 48 వోల్టుల కరెంటుతో (ఫాంటమ్ పవర్) నడుస్తూ గొంతులోని సన్నని వివరాలతోపాటు సీలింగ్ ఫ్యాను గాలి, పక్కింటి కుక్కరు విజిలు కూడా పట్టేస్తుంది. గది గోడలకు ఏ ఏర్పాటూ లేని మామూలు ఇంట్లో షూర్ ఎస్ఎం58 వంటి డైనమిక్ మైకును నోటికి దగ్గరగా పెట్టుకుని పాడటమే నాకు సబబనిపిస్తుంది.

ఇంట్లో ఇప్పటికే స్పర్శకు స్పందించే, యూఎస్‌బీ ఉన్న పోర్టబుల్ కీబోర్డు ఉన్నవారు మాత్రం కంట్రోలర్ కొనకుండా ఆ డబ్బును ఇంటర్‌ఫేస్‌కు, మైకుకు పెట్టడమే తెలివైన పని. పీఎస్‌ఆర్-ఇ373, ఇ473 వంటివాటిలో యూఎస్‌బీ తీగ ఒక్కటే మిడిని, శబ్దాన్ని రెండింటినీ కంప్యూటరుకు పంపగలదు. ఆ సదుపాయం లేని కీబోర్డును యూఎస్‌బీతో కంప్యూటరుకు, ఆడియో తీగతో ఇంటర్‌ఫేస్‌కు ఒకేసారి తగిలిస్తే జుయ్‌మనే మోత రావచ్చు. ఇది రెండు తీగల ద్వారా ఎర్త్ కలిసి వలయంగా మారడం (గ్రౌండ్ లూప్) వల్ల వచ్చేది, వాద్యంలో లోపం కాదు. అన్నింటినీ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకు తగిలించి, ల్యాప్‌టాప్ చార్జర్‌ను కాసేపు తీసి చూస్తే మోత ఎక్కడి నుంచి వస్తోందో తెలుస్తుంది.