బీబీఆర్‌తో నాలుగేళ్లు: ఎక్కడ పెట్టాను, ఎక్కడ తీసేశాను

నాలుగేళ్ల క్రితం మా బ్యాకప్ సర్వర్ లినక్స్ సెట్టింగుల్లో నేను మార్చింది రెండంటే రెండు లైన్లు. నెట్.ఐపీవీ4.టీసీపీ_కంజెషన్_కంట్రోల్ దగ్గర క్యూబిక్ తీసి బీబీఆర్ పెట్టాను, నెట్.కోర్.డిఫాల్ట్_క్యూడిస్క్ దగ్గర ఎఫ్‌క్యూ పెట్టాను. క్యూబిక్, బీబీఆర్ అంటే నెట్‌వర్క్ రద్దీని బట్టి టీసీపీ ఎంత వేగంతో పంపాలో తేల్చే పద్ధతులు; క్యూడిస్క్ అంటే బయటికెళ్లే ప్యాకెట్లను వరసలో పెట్టే ఏర్పాటు, ఎఫ్‌క్యూ అందులో ఒక రకం. అంతకుముందు రాత్రి మొదలైన బ్యాకప్ పొద్దున నేను లాగిన్ అయ్యేసరికి ఇంకా నడుస్తూనే ఉండేది. ఇప్పుడు తెల్లారకముందే అయిపోతోంది. అలాగని ఉన్న సర్వర్లన్నిటిలో పెట్టేయకండి. ఆ పని నేను చేసి తిట్లు తిన్నాను.

క్యూబిక్ 2006లో వచ్చిన 2.6.19 నుంచీ లినక్స్‌కు డిఫాల్ట్. ప్యాకెట్ పోయిందంటే దారి నిండిపోయిందనుకుని విండోను (జవాబు రాకముందే పంపగలిగే డేటా పరిమితిని) 30 శాతం కోసేస్తుంది. మా లింక్ గొడవేమిటంటే, ఆర్‌టీటీ (ప్యాకెట్ వెళ్లి దాని జవాబు తిరిగొచ్చేందుకు పట్టే సమయం) 200 మిల్లీసెకన్లు, పైగా రద్దీ లేకపోయినా అప్పుడో ప్యాకెట్ ఇప్పుడో ప్యాకెట్ పోతూ ఉంటుంది. క్యూబిక్ కాస్త ఎక్కేలోపే మళ్లీ కోత. 2016 చివర్లో 4.9 కెర్నెల్‌తో వచ్చిన గూగుల్ వాళ్ల బీబీఆర్ ప్యాకెట్ పోవడాన్ని అంతగా పట్టించుకోదు. బ్యాండ్‌విడ్త్ ఎంత వస్తోంది, ఆర్‌టీటీ తక్కువలో తక్కువ ఎంత ఉంది అని కొలుచుకుని, ఆ లెక్కన పంపుతుంది.

మొదటి రోజు సాయంత్రమంతా వృథా. ముందు బ్యాకప్ అందుకునే మెషీన్‌లో మార్చాను. ఏ తేడా లేదు, ఉండదు కూడా. ఎంత వేగంతో పంపాలో తేల్చేది పంపేవైపు కెర్నెల్. సరేనని ఇటువైపు, అంటే బ్యాకప్ పంపే సర్వర్‌లో మార్చి, కనెక్షన్ల వివరాలు చూపే ‘ఎస్ఎస్ -టీఐ’ కొట్టి చూస్తే, నడుస్తున్న ఆర్‌సింక్ (బ్యాకప్ ఫైళ్లు కాపీ చేసే ప్రోగ్రామ్) కనెక్షన్ పక్కన ఇంకా క్యూబిక్ అనే ఉంది! పాత కనెక్షన్ పాత పద్ధతిలోనే పోతుంది, కొత్తగా మొదలయ్యేవే మారతాయి. ఆపి మళ్లీ మొదలుపెడితే అప్పుడు కనిపించింది బీబీఆర్. క్యూడిస్క్‌దీ అదే కథ. డిఫాల్ట్ మార్చినంత మాత్రాన అప్పటికే పైకి లేచిన ఇంటర్‌ఫేస్ మారదు, ‘టీసీ క్యూడిస్క్ రీప్లేస్’ కొట్టాలి, లేదా రీబూట్ చేయాలి. (4.13 కెర్నెల్ నుంచి ఎఫ్‌క్యూ లేకపోయినా టీసీపీయే పేసింగ్, అంటే ప్యాకెట్లను ఒక్కసారే గుప్పించకుండా కొంచెం కొంచెం ఎడంతో వదలడం, చేసుకుంటుంది. అయినా నేను ఎఫ్‌క్యూనే ఉంచాను.)

బఫర్ల సంగతి నాకు వారం తర్వాత గానీ తట్టలేదు. 100 మెగాబిట్లు, 200 మిల్లీసెకన్లు అంటే ఏ క్షణాన చూసినా దారిలో 2.5 మెగాబైట్లు ఉండాలి. బీబీఆర్ దానికి రెట్టింపు దాకా విండో ఇస్తుంది. టీసీపీ_డబ్ల్యూమెమ్ (పంపేవైపు బఫర్ సైజు) గరిష్ఠం మామూలుగా 4 మెగాబైట్లే. 16కి పెంచాక వేగం నిలకడగా వచ్చింది.

ఒక చిన్న భయం కూడా చెప్పాలి. గ్రాఫ్‌లో పది సెకన్లకోసారి సన్నటి గుంట కనిపిస్తుంటే కేబుల్ పాడైందేమోనని టెన్షన్ పడ్డాను. తీరా చూస్తే అది బీబీఆర్ పనే. అసలు ఆర్‌టీటీ మళ్లీ కొలుచుకోవడానికి 200 మిల్లీసెకన్లపాటు విండోను నాలుగు ప్యాకెట్లకు దించుతుంది.

ఇక తిట్ల సంగతి. ఊపులో ఉండి డేటాసెంటర్ లోపలి మెషీన్లకూ ఇదే పెట్టాను. మర్నాడు పొద్దున్నే డేటాబేస్ చూసే ఆయన ఫోన్: "ఏమండీ, రాత్రి నెట్‌వర్క్‌లో ఏమైనా కెలికారా?" కెలికాను. మా స్విచ్‌ల బఫర్లు చిన్నవి. అలాంటి చోట బీబీఆర్ మొదటి వెర్షన్ రీట్రాన్స్‌మిట్లు (పోయిన ప్యాకెట్లను మళ్లీ పంపడం) పెంచేస్తుంది, పక్కనున్న క్యూబిక్ కనెక్షన్లను నోరెత్తనివ్వదు. మెయిన్‌లైన్, అంటే అసలు అధికారిక లినక్స్ కెర్నెల్‌లో ఉన్నది ఆ మొదటి వెర్షనే. ఆ పూటే అన్నిటినీ వెనక్కి తిప్పాను.

ఆ దెబ్బతో తెలిసింది రూట్ పద్ధతి. ఏ నెట్‌వర్క్‌కు ఏ దారిలో వెళ్లాలో చెప్పే ‘ఐపీ రూట్’లో ఆ దూరపు నెట్‌వర్క్ ఎంట్రీకి మాత్రం ‘కాంగ్‌సీటీఎల్ బీబీఆర్’ తగిలిస్తే చాలు, మిగతా ట్రాఫిక్ క్యూబిక్‌లోనే ఉంటుంది. ఇంత మంచి సదుపాయం గురించి మాట్లాడేవాళ్లే కనిపించరు ఎందుకో. మూడేళ్లుగా నా సెటప్ ఇదే. వెబ్‌లో వాడే కొత్త ప్రోటోకాల్ హెచ్‌టీటీపీ3కి ఇవేవీ పనిచేయవు, అది యూడీపీ మీద నడుస్తుంది, దాని కంజెషన్ కంట్రోల్ అప్లికేషన్‌లోనే ఉంటుంది.

నా లాప్‌టాప్‌ను మాత్రం ముట్టుకోలేదు. అది పంపేది తక్కువ, దించుకునేదే ఎక్కువ.