రింగుల జుట్టుకి అవిసె గింజల జెల్: నాలుగు నెలలు వాడాక

కిరాణా కొట్లో కొన్న పావుకిలో అవిసె గింజలు నా జుట్టుకి చేసిన మేలు ఖరీదైన క్రీములేవీ చేయలేదు. నాది రింగుల జుట్టు. ఇన్నేళ్లూ పొడిగా ఉన్నప్పుడే సన్న పళ్ల దువ్వెనతో దువ్వి, పీచులా చేసుకున్నాను. మాడు మీది నూనె ఆ మెలికలు దాటుకుని చివర్ల దాకా సరిగ్గా చేరదని, అందుకే అవి ఎండిపోతాయని నాకెవరూ చెప్పలేదు.

జెల్‌కి కావాల్సింది పావు కప్పు గింజలు, రెండు కప్పుల నీళ్లు. సన్న సెగ మీద కలుపుతూ ఉంటే పది నిమిషాల్లో చిక్కబడి, గరిటె ఎత్తితే కోడిగుడ్డు తెల్లసొనలా తీగ సాగుతుంది. అప్పుడే దించేయాలి. వేడి మీదే పల్చటి నూలుగుడ్డలో వడకట్టాలి, చల్లారితే దిగనే దిగదు. మొదటిసారి ఆలస్యం చేసి సగం పారబోశాను.

తలంటుకున్నాక, నీళ్లు కారుతుండగానే పాయలు పాయలుగా రాసి, అరచేత్తో కింది నుంచి పైకి పిండుతాను. ఆరాక గంజి పెట్టినట్టు బిర్రుగా ఉంటుంది. టెన్షన్ పడకండి. రెండు చుక్కల కొబ్బరినూనె చేతులకి రాసుకుని మెల్లగా నలిపితే మెత్తబడి, రింగులు విడివిడిగా నిలుస్తాయి.

జెల్ నిలవ ఉండకపోవడమే పెద్ద ఇబ్బంది. ఫ్రిజ్‌లో పెట్టినా వారం లోపే వాడేయాలి, వాసన మారితే పారేయాల్సిందే. మా విశాఖ ఉక్కపోతకి సాయంత్రానికి జుట్టు కొంచెం రేగుతుంది కూడా. అయినా మొన్న పెళ్లికి జుట్టు విరబోసుకుని వెళ్తే, మా అత్తయ్య దగ్గరికొచ్చి ఒక రింగు వేలికి చుట్టుకుని, "ఏమే, ఇది నీ సొంత జుట్టేనా?" అని అడిగింది. ఎంత సంతోషం వేసిందో!