వీలునామా వివాదంలో న్యాయ సలహా: విశాఖలో మా అనుభవం

మా మేనత్త మరణానికి 4 నెలల ముందు పాత వీలునామాను మార్చి, సీతమ్మధారలోని ఇంటిని తనను చూసుకుంటున్న బంధువుకే రాసినట్లు తెలిసినప్పుడు, జిల్లా కోర్టు సమీపంలోని ఒక సివిల్ న్యాయవాదిని సంప్రదించాము. రిజిస్టరైనంత మాత్రాన అనుమానాలు తొలగిపోవని, లబ్ధిదారే దగ్గరుండి రాయించినట్లు తేలితే వాటిని నివృత్తి చేయవలసిన భారం ఆయనదేనని, 1959 నాటి సుప్రీంకోర్టు తీర్పును చూపి ఓపికగా వివరించారు. అయితే 1925 నాటి భారత వారసత్వ చట్టంలోని 61వ సెక్షన్ కింద మోసాన్ని, ఒత్తిడిని ఆరోపించేవారే రుజువు చేయాలని, సేవ చేసిన మనిషికి ఆస్తి రాయడం దానంతట అది తప్పు కాదని కూడా, మాకు రుచించకపోయినా, నిర్మొహమాటంగా చెప్పారు. ఆసుపత్రి కేస్ షీట్లు, పాత వీలునామా నకలు, సాక్షులుగా సంతకం చేసిన ఇద్దరి వివరాలు ముందు సేకరించమన్నారు. ఫీజుకు రసీదు మాత్రం రెండుసార్లు అడిగితే గాని ఇవ్వలేదు.