గేమింగ్ గ్రూపులో తీర్పు ఎవరి చేతిలో ఉండాలి: బాటా, జ్యూరీనా, మనిషా?

రాత్రి పదకొండున్నర. మొబైల్ ఆట బీజీఎంఐలో నలుగురున్న స్క్వాడ్ (జట్టు) ఆఖరి సర్కిల్‌లో పోయింది. నలుగురూ డిస్కార్డ్ అనే చాట్ యాప్‌లో మా గ్రూపులోకి వచ్చి పంచాయితీ పెట్టారు. "స్మోక్ ఎందుకు వెయ్యలేదురా" అని మొదలైన మాట ఐదు నిమిషాల్లో "అవునూ, నీ ఇంటిపేరేంటి బ్రో?" దాకా వచ్చింది. ఇంటిపేరు ఎందుకడిగాడో చదివిన తెలుగువాడికల్లా తెలుసు. మేం కాపలా పెట్టిన బాట్‌కి, అంటే మెసేజ్‌లను దానంతటదే చూసే ప్రోగ్రాంకి మాత్రం అందులో తప్పేం కనపడలేదు. ఒక్క బూతు ముక్క కూడా లేదు మరి.

గొడవొస్తే తీర్చడానికి మూడు దారులున్నాయి. మాటలు పట్టే బాట్, ఆటగాళ్ళే ఓటేసే జ్యూరీ, లేదా గ్రూపు పూచీ తీసుకున్న మనిషి, అంటే మాడరేటర్. మూడూ వాడి చూశాను. మా గ్రూపు పెద్దదేం కాదు, తొమ్మిది వందల మంది. లక్షలమంది ఉండే చోట లెక్క వేరు, ఆ తేడా మనసులో పెట్టుకుని చదవండి.

ముందు బాట్. డిస్కార్డ్ 2022లో ఆటోమాడ్ తెచ్చింది. మనం ఇచ్చిన జాబితాలోని మాట కనిపిస్తే ఆ మెసేజ్ గ్రూపులో పడకముందే ఆపేస్తుంది. నిద్రపోదు, అలగదు, ఎవడు తన క్లాస్‌మేటో చూడదు. యూసీ (బీజీఎంఐలో వాడే డబ్బు) ఫ్రీగా ఇస్తామనే దొంగ లింకులకీ, ఒకే మెసేజ్ ఇరవైసార్లు కొట్టేవాళ్ళకీ దీన్ని మించింది లేదు. ఆ పనికి మనిషిని కూర్చోబెట్టడం దండగ.

తిట్ల దగ్గరికి వచ్చేసరికే తంటా. మనవాళ్ళు తెలుగును ఇంగ్లీషు అక్షరాల్లో కొడతారు. ఒక్కో బూతుకు పదిహేను స్పెల్లింగులు. ఒకటి ఆపితే మధ్యలో చుక్క పెట్టుకుని ఇంకోటి వస్తుంది. విసుగొచ్చి ఒకరోజు రెండు ఇంగ్లీషు బూతులకు ముందూ వెనకా స్టార్ గుర్తు పెట్టాను, ఏ మాట మధ్యలో ఉన్నా పట్టెయ్యమని. మర్నాడు గ్రూపులో రక్షిత, హర్షిత, నిషిత అనే పేర్లు రాయడానికి వీల్లేకుండా పోయింది. ఇంగ్లీషులో రాసి చూడండి, మధ్యలో ఏముందో మీకే తెలుస్తుంది. "అస్సలు" కూడా ఆగిపోయింది, దాని మొదటి మూడక్షరాలే నేరం. అస్సలు అనకుండా తెలుగులో వాదించేదెలా? ఇంగ్లండ్‌లో స్కన్‌థార్ప్ ఊరివాళ్ళకు ఈ బాధ 1996లోనే వచ్చింది. ఊరి పేరులో బూతుందని ఏఓఎల్ అనే ఇంటర్నెట్ కంపెనీ ఫిల్టర్ వాళ్ళను అకౌంట్లే తెరవనివ్వలేదు. అక్కడ ఊరు ఇరుక్కుంది, ఇక్కడ ఆడపిల్లల పేర్లు.

వాయిస్ సంగతి ఇంకా కష్టం. 2023లో కాల్ ఆఫ్ డ్యూటీ అనే ఆట తన వాయిస్ చాట్ వినడానికి టాక్స్‌మాడ్ అనే ఏఐని పెట్టింది, మొదట ఇంగ్లీషుకే. అది కూడా విని రిపోర్ట్ చేస్తుందంతే, శిక్ష సంగతి కంపెనీ చూసుకుంటుంది. ఒకడు శ్రీకాకుళం యాసలో మాట్లాడుతుంటే అది వాడి సొంత మాటో, పక్కవాణ్ణి వెక్కిరించడమో తేల్చడం మనకే ఒక్కోసారి కష్టం.

ఇక జ్యూరీ. లీగ్ ఆఫ్ లెజెండ్స్ అనే ఆట 2011లో ట్రిబ్యునల్ పెట్టింది. ఎవడి మీదైనా రిపోర్టులు ఎక్కువైతే వాడి చాట్ తీసి మిగతా ఆటగాళ్ళ ముందు పెట్టేవాళ్ళు. శిక్షించాలా, వదిలెయ్యాలా అని వాళ్ళే ఓటెయ్యాలి. వినడానికి రచ్చబండలా బాగానే ఉంటుంది. కానీ తీర్పు ఆలస్యం. తిట్టినవాడికే ఏం తిట్టాడో గుర్తులేని రోజున శిక్ష వస్తే ఏం లాభం? 2014లో దాన్ని ఆపేశారు. మరుసటి ఏడాది ఆట అయిన పదిహేను నిమిషాల్లో శిక్ష పడే ఆటోమేటిక్ పద్ధతికి మారారు.

మా గ్రూపులోనూ ఒకసారి ఓటు పెట్టాం. ఎవరికి దోస్తులెక్కువో వాడు గెలిచాడు. ఇద్దరు హీరోల ఫ్యాన్స్ గొడవకు ఓటు పెడితే ఏమవుతుందో ఇక చెప్పక్కర్లేదు.

జ్యూరీ పనికొచ్చేది ఒక్కచోటే, చీటింగ్ కేసుల్లో. కౌంటర్-స్ట్రైక్ అనే ఆటలో 2013లో వచ్చిన ఓవర్‌వాచ్ పద్ధతిలో అనుభవమున్న ఆటగాళ్ళు మ్యాచ్ రికార్డింగ్ చూసి తీర్పిచ్చేవాళ్ళు. పేర్లు దాచేసేవాళ్ళు కాబట్టి వాడు మనోడా, పగోడా అన్న గోల ఉండేది కాదు. ఆ ఆట కంపెనీ వాల్వ్ 2018లో చెప్పిన లెక్క ఒకటుంది. మామూలు ఆటగాళ్ళ రిపోర్టుల్లో చీటింగ్ అని తేలేవి 15 నుంచి 30 శాతమే. వ్యాక్‌నెట్ అనే ఏఐ ఏరి పంపిన కేసుల్లో 80 నుంచి 95 శాతం. ఓడినవాడి కడుపుమంట ఎంతుంటుందో ఆ మొదటి అంకె చూస్తే చాలు.

మిగిలింది మాడరేటర్. ఈ మనిషికి లోపాలు లేవనడం లేదు. సెమిస్టర్ పరీక్షలొస్తే మాయమవుతాడు, విసిగితే అందర్నీ మ్యూట్ చేస్తాడు, తన స్క్వాడ్‌వాడు దొరికితే చూసీ చూడనట్టు పోతాడు. ఈ చివరిది మా దగ్గర నిజంగా జరిగి, ముప్పైమంది కోపంతో వెళ్ళిపోయారు. తనతో ఆడేవాడి గొడవ మాడరేటర్ ముట్టుకోకూడదని అప్పుడు రూల్ పెట్టాం. ముందే పెట్టాల్సింది.

అయినా నా ఓటు మనిషికే. తిట్లన్నీ కొందరు పోకిరీలవే అనుకుంటాం కదా, లీగ్ ఆఫ్ లెజెండ్స్ కంపెనీ రయట్ లెక్క తీస్తే ఎప్పుడూ నోరు పారేసుకునేవాళ్ళు ఒక శాతమే, మొత్తం తిట్లలో వాళ్ళ వాటా ఐదు శాతం వరకే. మిగతా ఎక్కువ భాగం ఆ రోజు బాగోలేని మామూలు వాళ్ళది. కారణం చెప్పకుండా బ్యాన్ చేస్తే చాలామంది ఇంకా చెడి తిరిగొచ్చారనీ, వాళ్ళ చాట్ వాళ్ళకే చూపిస్తే మారినవాళ్ళు పెరిగారనీ కూడా వాళ్ళే గమనించారు. ఈ రెండూ కలిపి చూస్తే కావాల్సింది బ్యాన్ బటన్ కాదు, పిలిచి మాట్లాడేవాడు.

ఆ ఇంటిపేరు అడిగిన కుర్రాడికి మా మాడరేటర్ పంపిన మెసేజ్ ఇది: "నువ్వు రాసింది కింద పెట్టాను చూడు. మన గ్రూపులో ఇంటిపేరు అడగడం అంటే కులం అడగడమే. ఒక రోజు టైమౌట్. ఎల్లుండి స్క్రిమ్స్ (ప్రాక్టీస్ మ్యాచ్‌లు) ఉన్నాయి, రా." మూడో రోజు వాడి జవాబు: "సారీ అన్నా, ఓడిన ఫ్రస్ట్రేషన్."

కాబట్టి మా ఏర్పాటు ఇప్పుడిలా ఉంది. లింకులూ స్పామూ బాట్‌కి. చీటింగ్ అనుమానమొస్తే పేరు తీసేసిన వీడియో ముగ్గురు పాత ఆటగాళ్ళకి. మాటల గొడవలన్నీ మాడరేటర్లకి. వాళ్ళు నలుగురు, ఒకడు డల్లాస్‌లో ఉంటాడు. ఎండాకాలంలో ఇక్కడ రాత్రి ఒంటిగంటకి గొడవైతే అక్కడ మధ్యాహ్నం రెండున్నర, కాబట్టి రాత్రి డ్యూటీ అతనిది. వెళ్ళి ఆరేళ్ళయింది కదా, కొత్త మాటలు అందట్లేదు. మొన్న అర్ధరాత్రి స్క్రీన్‌షాట్ పెట్టి నన్ను నిద్రలేపాడు: "తమ్ముడూ, ఇది తిట్టా, పొగడ్తా?"