ఇంటిల్లిపాదీ చూసే కుస్తీలో కేతిగాడి జోకులు

డబ్ల్యూడబ్ల్యూఈ అనే అమెరికా కుస్తీ షో గురించి మొదట్నుంచీ చెప్పను, అందులో గెలుపోటములు ముందే రాసిపెట్టుకుంటారా అన్న గొడవ ఇక్కడ పెట్టుకోను. ఆ కుస్తీవాళ్ళ బొమ్మలుండే ట్రంప్ కార్డులు ఆడిన తరానికి అవన్నీ చెప్పక్కర్లేదు. నేను రాసేది ఒక్క విషయం గురించే. 2008లో పీజీ (పెద్దలు పక్కనుంటే పిల్లలూ చూడొచ్చు) రేటింగ్‌కి మారి పిల్లల షో అయ్యాక కూడా వీళ్ళు వదలని డబుల్ మీనింగ్ జోకులు. మా హాల్లో ఏళ్ళ తరబడి మూడు తరాలం కలిసి చూస్తున్నాం: మా అత్తగారు, నేను, మా వాడు. ఆ జోకులంటే నాకు ఇష్టం, ముందే చెప్పేస్తున్నా.

అంతకుముందు రోజుల్లో దాపరికమే లేదు. ఒంటికి తువ్వాలు చుట్టుకుని వచ్చే వాల్ వీనిస్, వెంట ఆడవాళ్ళని వేసుకుని వచ్చే గాడ్‌ఫాదర్ అనే కుస్తీవాడు. మా అన్నయ్య చూస్తుంటే, గేటు చప్పుడు వినగానే ఛానల్ మారిపోయేది. పీజీ వచ్చాక బాహాటంగా అనే వీలు పోయింది, దాంతో రాసేవాళ్ళకి తెలివి పెరిగింది. శాంటీనో మరెల్లా అనే కుస్తీవాడి పాత వీడియోలు చూడండి. చడ్డీలోంచి ఆకుపచ్చ మేజోడు లాగి చేతికి తొడుక్కుంటాడు, ఆ చెయ్యి తనంతట తనే పడగ విప్పుతుంది, అవతలివాడి గొంతు మీద కాటేస్తుంది. మా వాడికి అది పాము. నాకేమో ఆ పాము ఎక్కడినుంచి బయటికొచ్చిందన్నదే నవ్వు. ఇద్దరం నవ్వుకున్నాం, ఎవరికీ సంజాయిషీ చెప్పుకోనక్కర్లేదు.

దీన్ని అందరికంటే బాగా నడిపింది న్యూ డే అనే ముగ్గురి జట్టు. కోఫీ కింగ్‌స్టన్, బిగ్ ఈ, జేవియర్ వుడ్స్. నెత్తిన ఒంటికొమ్ము, చేతిలో ట్రాంబోన్ బాకా, దాని పేరు ఫ్రాన్సిస్కా. 2016లో వీళ్ళు పిర్రల పేరు పెట్టి బూటీ-ఓస్ అని పొద్దున్నే పాలల్లో వేసుకుని తినే సీరియల్ డబ్బా ఒకటి తెచ్చారు. ముందు సరదాకి చేసిన డబ్బా, తర్వాత నిజంగానే అమ్మకానికి వచ్చింది. వీళ్ళ ఏటేటి పెద్ద పండగ రెసిల్‌మేనియా 32లో మేడంత బూటీ-ఓస్ డబ్బా ఒరిగి, అందులోంచి ముగ్గురూ దొర్లుకుంటూ వచ్చారు. ఆ మ్యాచ్ ఓడిపోయారన్న సంగతి ఎవరికీ గుర్తుండదు.

అప్పుడు మా వాడికి ఐదేళ్ళు. ఒక సాయంత్రం రీటెలికాస్ట్ వస్తోంది. అత్తగారు దివాన్ మీద కూర్చుని వత్తులు చేసుకుంటున్నారు. బిగ్ ఈ చేతులు పైకెత్తి నడుం గుండ్రంగా తిప్పడం మొదలుపెట్టాడు. అంత భారీ మనిషి, అంత నెమ్మదిగా, కెమెరా కళ్ళలోకి చూస్తూ. నేను గబుక్కున రిమోట్ అందుకుని సౌండు తగ్గించాను. బొమ్మ అలాగే ఉంది కదా, సౌండు తగ్గిస్తే ఏం ఒరిగిందో దేవుడికే తెలియాలి.

"సౌండెందుకు తగ్గించావమ్మాయ్? నాకర్థం కాదనా?" అన్నారు, వత్తి మీంచి చూపు తిప్పకుండానే.

తర్వాత చాలాసేపు చెప్పారు. వాళ్ళది నరసరావుపేట దగ్గర పల్లె. చిన్నప్పుడు ఊళ్ళో రామాయణం తోలుబొమ్మలాట కట్టేవాళ్ళట. తెర మీద లక్ష్మణుడు మూర్ఛపోయి ఊరంతా కళ్ళు తుడుచుకుంటుంటే, ఉన్నట్టుండి నవ్వించే బొమ్మలు బంగారక్క, జుట్టుపోలిగాడు ఊడిపడేవాళ్ళు, వాళ్ళిద్దరి మధ్యా దూరడానికి కేతిగాడు. ఆ మాటలు ఇవాళ టీవీలో వేస్తే కేసులు పెడతారు. "పిల్లలం ముందు వరసలో చాపలేసుకుని కూచునేవాళ్ళం. వాళ్ళు తన్నుకుంటే మాకు నవ్వు. వెనకాల మా మేనత్తలు దేనికి నవ్వేవాళ్ళో నాకు పెళ్ళయ్యాక తెలిసింది" అన్నారు. బిగ్ ఈ వంక చూసి, "వీడూ కేతిగాడేగా, కండలు ఎక్కువ, అంతే" అని తీర్పు చెప్పేశారు. ఆ రోజు నుంచి మా ఇంట్లో అతని పేరు అదే.

ఆవిడ మాటలో నాకు లెక్క దొరికింది. రాత్రంతా సాగే ఆటలో జనం నిద్రపోకుండా ఉండాలంటే కేతిగాడు రావాలి. 2012లో మూడు గంటలకి పెరిగిన 'రా' అనే వీళ్ళ వారం వారం షోకీ అదే అవసరం. పైగా కేతిగాడైనా బిగ్ ఈ అయినా ఎగతాళి చేసుకునేది ముందు తన ఒంటినే. 2019 ఏప్రిల్‌లో కోఫీ డబ్ల్యూడబ్ల్యూఈ ఛాంపియన్ టైటిల్ గెలిచినప్పుడు, అన్నేళ్ళు నవ్వించిన ఆ ముగ్గురినీ చూస్తూ అత్తగారూ నేనూ ఇద్దరం ఏడ్చాం.

అలాగని అన్నీ ఆ కోవలోవే అనను. 2012లో రాక్, జాన్ సీనాని ఆడదానివంటూ వారాల తరబడి వెక్కిరించాడు. స్టేడియం మొత్తం ఊగిపోయింది గానీ నాకు నవ్వు రాలేదు. అదే ఏడాది నటాల్యాకి అపానవాయువు జోకు అంటగట్టారు. పేరున్న కుస్తీ కుటుంబం హార్ట్‌లలో పుట్టి, కుస్తీ ఇంట్లోనే నేర్చుకున్న మనిషి ఆవిడ. మా వాడు ఆ క్లిప్ చూసి పడీ పడీ నవ్వాడు, వాడి తప్పేం లేదు. ఇక 2019లో లానా, లాష్లీ, రూసెవ్‌ల కథ. లానా, రూసెవ్ నిజంగానే భార్యాభర్తలు. ఆవిడ లాష్లీతో మంచం మీంచి మొగుడితో మాట్లాడుతుంటే అందులో రెండో అర్థమేదీ? ఉన్నది ఒక్కటే అర్థం, అది ఎనిమిదేళ్ళ పిల్లాడికి కూడా అర్థమవుతుంది. వాడు అడిగిన ప్రశ్నకి "యాడ్ అయ్యాక చెప్తా" అన్నాను. ఇప్పటికీ చెప్పలేదు.

అసలు మార్పు మాత్రం షోలో కాదు, మా సోఫాలో వచ్చింది. 2023 సెప్టెంబర్ 8న గచ్చిబౌలి ఇండోర్ స్టేడియంలో రియా రిప్లీ, నటాల్యాల మ్యాచ్‌కి వాణ్ణి తీసుకెళ్ళాం. వెనక వరసలో కుర్రాళ్ళు రియాని "మామీ, మామీ" (స్పానిష్‌లో అమ్మ, సరసంగానూ పిలిచే మాట) అని అరుస్తుంటే, పన్నెండేళ్ళ మా వాడు కూడా నోరు తెరిచి, నన్ను చూసి మూసేశాడు. అంటే వాడికి తెలిసిపోయింది. శాంటీనో పాము కూడా ఈపాటికి అర్థమై ఉంటుంది.

కాబట్టి ఐదుకి నాలుగు అని ధైర్యంగా ఇవ్వలేను. ఎనిమిదేళ్ళ లోపు పిల్లలుండి, మా అత్తగారి లాంటి పెద్దావిడ ఉన్న ఇంట్లో హాయిగా చూసుకోవచ్చు. ముక్కుసూటి మామగారుంటే నేను హామీ ఇవ్వను. షో నెట్‌ఫ్లిక్స్‌కి మారాక పది సెకన్లు ముందుకి దూకించే వీలుంది, అదో సుఖం. మా ఇంట్లో ఆ పని ఇప్పుడు మా వాడు చేస్తున్నాడు, నా కోసమని.