ఫోర్డ్‌సన్ ఎన్: ల్యాండ్ గర్ల్స్ తోలిన మొండి ట్రాక్టరు

రెండో ప్రపంచ యుద్ధకాలంలో బ్రిటన్ పొలాల్లో ఎక్కువగా తిరిగింది లండన్ దగ్గరి డాగెన్‌హామ్‌లో తయారైన ఫోర్డ్‌సన్ స్టాండర్డ్ ఎన్. మగవాళ్లు సైన్యంలోకి పోయాక పొలం పనులకి పెట్టిన మహిళా దళం విమెన్స్ ల్యాండ్ ఆర్మీ అమ్మాయిల (ల్యాండ్ గర్ల్స్) చేతికి వచ్చిందీ ఇదే. దుక్కికి గట్టి బండి. తోలే మనిషి సుఖం మాత్రం దీనికి పట్టదు.

సెల్ఫ్ లేదు, హ్యాండిల్ తిప్పాల్సిందే. చిన్న ట్యాంకులో పెట్రోలు, పెద్ద ట్యాంకులో కిరసనాయిలు లాంటి వేపరైజింగ్ ఆయిల్. స్టార్ట్ చేసేది పెట్రోలు మీదే. హ్యాండిల్ని కిందినుంచి పైకి లాగాలి తప్ప పైనుంచి కిందికి నొక్కకూడదు. బొటనవేలు మిగతా వేళ్ల పక్కనే ఉండాలి. చుట్టూ బిగించి పట్టుకుంటే, ఇంజను ఎదురు తన్నినప్పుడు వేలో మణికట్టో విరుగుతుంది. మన ఊళ్లలో ఆయిలింజన్లు తిప్పినవాళ్లకి ఆ తన్ను తెలుసు. కండ కన్నా ఒడుపు ముఖ్యం.

ఇంజను వేడెక్కకముందే పెట్రోలునుంచి వేపరైజింగ్ ఆయిల్‌కి మారిస్తే చేటు. ఆవిరి కాని ఇంధనం పిస్టన్ రింగుల సందునుంచి సంప్‌లోకి (ఇంజను అడుగున ఇంజనాయిల్ ఉండే తొట్టిలోకి) దిగి ఇంజనాయిల్ని పలచన చేస్తుంది, బేరింగులు అరిగిపోతాయి. చలికాలం రేడియేటరు ముందు తెర కట్టాలి. సంప్‌లో పలచబడ్డ నూనె కొంత వదిలేసి కొత్తది పోస్తుండాలి. ఆపేముందు కాసేపు పెట్రోలు మీద నడిపితే మర్నాడు స్టార్టింగు తేలిక. గడ్డకట్టే రాత్రి రేడియేటరు నీళ్లు వదలడం మరిస్తే ఇంజను బ్లాకు పగులుతుంది.

రబ్బరు కరువు వల్ల చాలావాటికి ఇనుప చక్రాలే. మెత్తని నేలలో పట్టు బాగుంటుంది, గట్టి దారిలో నడుం పోతుంది. క్లచ్చికీ బ్రేకుకీ ఒకటే పెడలు: కొంత తొక్కితే క్లచ్, అడుగంటా తొక్కితే బ్రేకు. నాగలి మొద్దుకి తగిలి ముందు చక్రాలు లేస్తే వెంటనే దాన్నే తొక్కాలి. ఆలస్యమైతే బండి వెనక్కి తిరగబడి తోలేవాళ్ల మీదే పడుతుంది. కాళ్లు పొట్టివాళ్లకి ఇది చిన్న లోపం కాదు. ఇంత చేసినా మొదట్లో అమ్మాయిలకి వారానికి 28 షిల్లింగులు, మగవాళ్లకి 38!

ఇప్పుడు పాతది కొనేవాళ్లు యుద్ధకాలపు ఆకుపచ్చ రంగు చూసి మురిసిపోకండి, రంగు ఎవరైనా వేయిస్తారు. ముందు బ్లాకు మీద అతుకులున్నాయేమో తడిమి చూడండి.