తెలుగు బ్లాగుకు గూగుల్ సెర్చ్ కన్సోల్: ఒక్క తెర కోసమైనా పెట్టుకోవాలి

గూగుల్ వెతుకులాటలో మీ బ్లాగు ఎలా కనబడుతోందో చూపించే పనిముట్టు గూగుల్ సెర్చ్ కన్సోల్. పైసా కట్టకుండా దొరికే పనిముట్లలో తెలుగు బ్లాగరుకు ఇంతకంటే అక్కరకొచ్చేది మరొకటి లేదు. అలాగని అందులో ఉన్నదంతా అక్కరకొస్తుందనీ కాదు. బ్లాగును ఇందులో కలిపిన రోజు నుంచే లెక్క మొదలవుతుంది కాబట్టి, పది టపాలు రాశాక చూద్దాంలే అనుకోవద్దు.

అసలు సరుకంతా పెర్ఫార్మెన్స్ తెరలో ఉంది. జనం గూగుల్‌లో ఏం టైపు చేస్తే మీ టపా కనబడిందో, ఎందరు నొక్కారో, సగటున ఎన్నో స్థానంలో ఉందో వరుసగా చూపిస్తుంది. మాటవరసకి, "గోంగూర నిల్వ పచ్చడి" వరుసలో ఇంప్రెషన్లు (అంటే కనబడిన సార్లు) 900, క్లిక్కులు 9, స్థానం 6 అని ఉందనుకోండి. టపా మొదటి పేజీలోనే ఉంది, శీర్షికే జనాన్ని లోపలికి పిలవడం లేదు. "అమ్మమ్మ చేతి పుల్లపుల్లని జ్ఞాపకం" అని పెడితే లోపల పచ్చడి కొలతలున్నాయని ఎవరికి తెలుస్తుంది? "గోంగూర నిల్వ పచ్చడి: కిలో ఆకుకి ఉప్పు, కారం, నూనె కొలతలు" అని మార్చి, 28 రోజులు ఆగి, అంతకుముందు 28 రోజులతో పోల్చండి. రెండో రోజే చూసి పెదవి విరిస్తే లాభం లేదు.

ఇదే మాటను ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టినవాళ్లు వేరే వరుసల్లో కనిపిస్తారు. స్పెల్లింగు మారితే అదీ ఇంకో వరుసే. అన్నీ కలిపి చూస్తేగానీ ఆ టపాకి ఎంత గిరాకీ ఉందో తేలదు. మరీ తక్కువ మంది వెతికిన మాటలను గోప్యత పేరుతో దాచేస్తుంది, కాబట్టి వరుసల మొత్తం పైనున్న మొత్తానికి సరిపోలేదని కంగారు పడొద్దు.

పండగ టపాల దగ్గర ఇంకో తిరకాసు ఉంది. పోయినేడాది ఇదే కాలంతో పోల్చే సదుపాయం ఇంగ్లిష్ తేదీల మీద నడుస్తుంది. ఉగాది 2025లో మార్చి 30న, 2026లో మార్చి 19న వచ్చింది. నెలకు నెల పెట్టి పోలిస్తే వచ్చేది తప్పుడు లెక్కే. పండగకు ముందు పది రోజులను రెండేళ్లకూ విడివిడిగా తేదీలిచ్చి పోల్చాలి. దాచి ఉంచేది 16 నెలల లెక్కే, అంతకంటే పాతది కావాలంటే ముందే దించుకుని పెట్టుకోవాలి.

గూగుల్ వారి బ్లాగర్ (బ్లాగ్‌స్పాట్) వాడేవాళ్లకు పెర్ఫార్మెన్స్ తెరలోని పేజెస్ ట్యాబు మొదట్లో అయోమయంగా ఉంటుంది. శీర్షిక మొత్తం తెలుగులో ఉంటే బ్లాగర్ లింకుకి "బ్లాగ్ పోస్ట్" అనే మాటా, వెనకాల ఓ అంకే తగిలిస్తుంది. ఏది పులిహోరో ఏది ప్రయాణమో పోల్చుకోలేం. ప్రచురించే ముందే కస్టమ్ పర్మాలింక్‌లో (టపా లింకును మనమే రాసుకునే చోట) ఇంగ్లిష్ అక్షరాలతో చిన్న పేరు పెట్టేయండి, ప్రచురించాక మార్చడం తలనొప్పి. వర్డ్‌ప్రెస్ తెలుగు లింకే ఇస్తుంది గానీ, కాపీ చేసి వాట్సాప్‌లో అతికిస్తే ఒక్కో అక్షరమూ తొమ్మిది గుర్తుల చాంతాడై కూర్చుంటుంది.

ఇండెక్సింగ్ తెర, అంటే గూగుల్ తన జాబితాలో ఏ పేజీలు చేర్చుకుందో చూపేది, ఊరికే గుండెలు అదరగొడుతుంది. బ్లాగర్ మొబైల్ లింకులు "ప్రత్యామ్నాయ పేజీ" అనీ, లేబుల్ పేజీలు "రోబోట్స్ ఫైలు (ఏ పేజీలు చదవొద్దో గూగుల్‌కి చెప్పే ఫైలు) అడ్డుకుంది" అనీ కనిపిస్తాయి. రెండూ మామూలే, ముట్టుకోకండి. పట్టించుకోవాల్సింది "క్రాల్ చేశాం గానీ ఇండెక్స్ చేయలేదు" (వచ్చి చదివాం గానీ జాబితాలో చేర్చలేదు) అన్న వరుసలో అసలు టపాలుంటేనే. నాలుగు లైన్ల టపాలూ, వేరేచోటి నుంచి ఎత్తి అతికించినవీ ఎక్కువగా అక్కడే తేలతాయి. ఎన్నిసార్లు ఇండెక్స్ చేయమని అడిగినా, లోపల సరుకు పెంచకపోతే కదలవు.

వచ్చినవాళ్లు చివరిదాకా చదివారా, మళ్లీ వచ్చారా అన్నది దీనికి తెలియదు. వాట్సాప్ నుంచో ఫేస్‌బుక్ నుంచో వచ్చినవాళ్లు ఇందులో లెక్కకే రారు. దానికి గూగుల్ అనలిటిక్స్ వేరే పెట్టుకోవాలి. కొత్త టపాలను పాఠకులకు ఈమెయిల్‌లో పంపే గూగుల్ వారి ఫీడ్‌బర్నర్ చందాలు 2021లోనే ఆగిపోయాయి. పాత టెంప్లేట్లో ఆ చందా పెట్టె ఇంకా వేలాడుతుంటే ముందు దాన్ని తీసేయండి, ఈమెయిల్ ఇచ్చిన పాఠకుడికి ఏ టపా వెళ్లడం లేదు.